మా మరిది వీడియో గేముల కంపెనీ

మొన్న శుక్రవారం పొద్దున గుడివాడ నుంచి మా మరిది కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. అతను చప్పుడు చేయకుండా చేసిన పని బహుశా అదొక్కటే. ఏళ్ల తరబడి మా వరండాలో అతని వీడియో గేముల రొద విన్నదాన్ని కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

బందరులో వీడియో గేమంటే ఏమిటో తెలియని రోజుల్లో అతను మద్రాసు వెళ్లి రెండు సంచుల నిండా టీవీ గేములు, వాటిలో పెట్టే క్యాసెట్లు తెచ్చాడు. గంటకింత అని పిల్లల చేత ఆడించే దుకాణాలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక దుకాణాలకు ఇక్కడి నుంచి బస్సుల్లో సరఫరా. కంపెనీ బోర్డు మా వరండా కంటే పొడుగు. చివరి అక్షరం పక్కింటివాళ్ల వైపు వేలాడేది. "ఇంతకీ ఆఫీసెక్కడయ్యా?" అంటే, "మీరు కూరలు తరిగే చోటే వదినా" అనేవాడు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పిల్లలు హోంవర్కు మానేసి ఎక్కడికి పోతున్నారో తెలుసు, ఎవరి చలవ వల్లో కూడా తెలుసు.

మా సముద్రపు గాలికి క్యాసెట్ అంచున ఉండే రాగి పళ్లకు చిలుం పట్టేది. అందుకే ప్రతి క్యాసెట్‌నూ బడిపిల్లల రబ్బరుతో రుద్ది, టీవీకి పెట్టి ఆడి చూశాకే దుకాణానికి పంపేవాడు. "ఆట మొదట్లోనే ఆగిపోతే తప్పు ఆడేవాడిది కాదు, అమ్మినవాడిది" అనేవాడు.

అలా వ్యాపారం పుంజుకుంటున్న రోజుల్లో మావారికి పక్షవాతం వచ్చింది. ఆయన కోర్టులో గుమాస్తా. ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన కుడిచెయ్యి, ఒళ్లో పెడితే ఒళ్లో, మంచం మీద పెడితే మంచం మీద పడి ఉండేది. డాక్టరు రబ్బరు బంతి నొక్కమంటే, ఆయన బంతిని ఒకసారి చూసి గోడవైపు తిరిగారు. పలకరించడానికి వచ్చినవాళ్లు "అయ్యో" అని, నా కాఫీ తాగి వెళ్లేవారు. మరిది "అయ్యో" అనలేదు. ఒక అట్టపెట్టె తెచ్చి మంచం పక్కన దించాడు.

"అన్నయ్యా, ఇవి సాయంత్రం అవనిగడ్డ బస్సుకు వెళ్లాలి. నాకు గుడివాడలో పనుంది. కాస్త ఆడి చూసి ఉంచు."

"ఈ చేత్తోనా?"

"దూకే బటన్ కుడి బొటనవేలి కిందే పెట్టారు మరి. తయారుచేసినవాణ్ణి అడుగు, నన్నంటావేం?"

నేను వంటింట్లోంచి వచ్చి, "మనిషివా, రాక్షసుడివా?" అన్నాను. చెప్పులు వేసుకుంటూ మెల్లిగా అన్నాడు: "జాలిపడితే మనిషి పడుకుంటాడు వదినా. పని చెప్తే లేస్తాడు."

ఆ సాయంత్రం పెట్టె వెళ్లలేదు. తెరమీద బొమ్మ మొదటి గోతిలోనే పడి చస్తోంది. మర్నాడూ అంతే. మరిది అన్నను పల్లెత్తు మాట అనలేదు. అవనిగడ్డ వాళ్లకు ఏదో సర్దిచెప్పుకున్నాడు. నాకైతే ఆ బొమ్మ గొయ్యి దాటితే చాలు, వెంకన్నకు కొబ్బరికాయ కొడదామనిపించింది. ఇంగ్లీషు టీచరుకు పట్టిన గతి చూడండి.

కొన్ని వారాలకు బొటనవేలు కదిలింది. బొమ్మ దూకింది. ఆయన నావైపు చూడకుండా "కాఫీ" అన్నారు.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం నావల్ల కాలేదు. క్యాసెట్లను కేసుల్లా విచారించి, నచ్చకపోతే "కొట్టేశాను" అనేవారు. నాగాయలంకలో దుకాణం నడిపే ఆమె "మీ సరుకు పనిచెయ్యట్లేదు" అని కబురు పెడితే, నెలల తరబడి గడప దాటని మనిషి తమ్ముడి భుజం పట్టుకుని బస్సెక్కారు. తీరా చూస్తే ఆమె, పొయ్యి ఊదినట్టు, ప్రతి క్యాసెట్‌నూ ఊది మరీ పెడుతోంది.

"ఊదకమ్మా! నోటి తడికే చిలుం పడుతోంది. రబ్బరుతో రుద్దు."

"ఊదితేనే కదండీ బొమ్మొచ్చేది!"

"ఇవాళొస్తుంది, రేపు రాదు. నేను చూసి పంపిన సరుకమ్మా ఇది!"

ఆ "నేను" అన్న మాటను మరిది ఇంటికొచ్చి నాకు పదేపదే చెప్పాడు. చెబుతూ కళ్లు తుడుచుకుని, బస్సులో దుమ్మన్నాడు. ఎప్పుడు కృతజ్ఞత చెప్పబోయినా, "జీతం లేకుండా పని చేయించుకున్నాను, కేసు పెట్టకండి చాలు" అని నవ్వేసేవాడు.

సెల్‌ఫోన్లొచ్చాయి. గేము దుకాణాలు రీఛార్జి కొట్లయ్యాయి. "ఆట మారింది, ఆడేవాళ్లు మారలేదులెండి" అంటూ బోర్డు దింపి, కూతురి దగ్గరికి గుడివాడ వెళ్లిపోయాడు. నా వరండా నాకు తిరిగొచ్చింది. మరీ అంత నిశ్శబ్దం నేనడగలేదు.

శుక్రవారం గుడివాడలో, చివరిచూపుకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే నోట్లో బియ్యం వేస్తున్నారు. మావారి వంతు వచ్చింది. ఎవరో చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. కుడి అరచేతిలోకి బియ్యం తీసుకుని, బొటనవేలితో కొద్దికొద్దిగా తోస్తూ తమ్ముడి పెదవుల మధ్య వేశారు. ఒక గింజ చెంప మీదికి జారింది. ఆ వేలితోనే దాన్ని తీసి, వేలు మాత్రం కాసేపు అక్కడే ఉంచేశారు.