నిలువునా కోసిన సిలిండర్ హెడ్

అప్పలనర్సయ్య మేస్త్రి ఇక లేరన్న కబురు మొన్న ఉదయం రంగూనులోని బోటాటౌంగ్ రేవు దగ్గర విన్నాను. నది మీద మంచు ఇంకా విడలేదు. కనబడని పడవ ఏదో కూత వేసింది. మూడు రోజుల జ్వరం అంతటి మనిషిని తీసుకుపోయిందంటే నమ్మడానికి చాలాసేపు పట్టింది. ఎదురుగా ఒక మోటారు కారు సాఫీగా సాగిపోతుంటే, అందులో ఆయనే ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది.

ఇంగ్లీషు కార్లు చలిదేశం కోసం పుట్టినవి. రంగూను ఎండకు వాటి ఇంజన్లు కుతకుత ఉడికేవి. ఇంజను మీద మూతలా కూర్చునే సిలిండర్ హెడ్ పగిలేది. కొత్తది సీమ నుంచి ఓడలో రావాలి. విశాఖపట్నం వైపు నుంచి రేవు కూలీగా వచ్చిన ఈయన, ఏ కళాశాల గడపా తొక్కకుండానే, హెడ్ లోపల ఇంజనును చల్లబరిచే నీళ్లు పారే దారులను వెడల్పు చేసి, కొత్త హెడ్లు ఇక్కడే పోతపోశారు. నాకు తెలిసినంతలో ఈ ఊళ్లో ఆ సాహసం చేసిన మొదటివారు ఆయనే. తీరిక దొరికితే నది అవతలి ట్వంటే ఊరి బంకమట్టితో ఆ దారుల నమూనా చేసి, పైన గాజు పలక మూసి, చుట్ట పొగ ఊది, అది ఏ మలుపులో సుడి తిరుగుతుందో కళ్లు సగం మూసుకుని చూసేవారు. పక్కన కూర్చున్న నాకూ కాలం తెలిసేది కాదు.

మూఢనమ్మకాల మీద నేనిచ్చే ఉపన్యాసాలకు మాత్రం వచ్చేవారు కాదు. "మీ మాట సెవి కాడ ఆగిపోతాది బాబూ. నానైతే కోసి సూపిత్తాను" అనేవారు.

కోసి చూపిన రోజు నేనక్కడే ఉన్నాను. ఒక దొర కారుకు పోసిన హెడ్ పరీక్షలో బీటవారింది. అచ్చులకు మట్టి పిసికే గౌరమ్మ మీద అందరూ విరుచుకుపడ్డారు. ఆమె వితంతువు, ఇద్దరు బిడ్డలకు ఆ కూలే ఆధారం.

"పోత పోసే ఏళ ఎదవరాలు ఎదురొత్తే ఇనుము పగల్దేటి? దీన్ని పంపీండి మేస్త్రిగారూ!" అన్నాడు కొలిమి దగ్గర పనిచేసే పైడయ్య.

"నానేటి సేసినాను బాబూ? మట్టి తెచ్చినాను, అంతే" అంది ఆమె.

"ఒరే పైడీ, ఎవులొచ్చినారో సూడ్డానికి ఇనుముకి కళ్లున్నాయేట్రా?" అంటూ మేస్త్రి రంపం అందుకున్నారు. అతుకు వేసి గట్టెక్కవచ్చు. కోస్తే ఇక ఎందుకూ పనికిరాదు. అయినా మధ్యాహ్నమంతా కోశారు. రెండు చెక్కలయ్యాక లోపల ఒక గోడ అట్టముక్కంత పలచగా బయటపడింది.

"సూడండ్రా. నీటి దారి మరీ యెడల్పు గీసినాను. గీత నాది, తప్పూ నాదే."

గౌరమ్మ పని పోలేదు. ఆయన దొర చేత తిట్లు తిని, మరో హెడ్ పోసి ఇచ్చారు. కోసిన చెక్క ఒకటి కార్ఖానా గోడకు తగిలించి రోజూ నూనె రాసేవారు. నా ఉపన్యాసాలన్నీ చేయలేని పని ఆ రంపం చేసింది. ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నిన్న కార్ఖానాకు వెళ్లాను. ఆ చెక్కకు దండ వేసి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టారు. ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా గౌరమ్మ లేచి, కొంగుతో ఆ బొట్టు తుడిచేసింది.

"తడి తగిల్తే తుప్పడతాది. బాబు నూనె రాసీవోరు."

ఎవరూ ఆపలేదు. పైడయ్యే నూనె డబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

నూనె మెరుపులో ఆ నీటి దారులు ట్వంటే కాలువల్లా వంకర తిరుగుతూ ఎక్కడికో పోతున్నాయి. ఆయన ఇంకా వాటిలోకి పొగ ఊదుతూ కూర్చున్నట్టే ఉంది. ఆ చేతులకు నా నమస్కారం. హెడ్లు పోసేవారు రేపు ఎందరైనా వస్తారు. తన తప్పును తానే కోసి చూపించే మనిషి మనకు మళ్లీ ఎప్పుడు దొరుకుతాడు?