పిండిదీపమూ టీవీ తాబేలూ

పాలకడలిలో పవళించి పదునాలుగు లోకాలనూ కాచే శ్రీమన్నారాయణునికి జయమగుగాక. తాబేలై కొండను వీపున మోసిన ఆ స్వామి కథ వింటూ పెరిగినవాళ్లం మేము. మా మామగారు టీవీలో తాబేలును చూసి స్వామే అనుకోవడానికి కారణం అదే.

ఎనభైల నడుమ, తమిళనాడులోని ధర్మపురి పక్కన మా ఊళ్లో టీవీ ఉన్నది మా ఇంట్లోనే. ఆదివారం పొద్దున ఢిల్లీ నుంచి హిందీలో ఒక బొమ్మల కథ వచ్చేది. అందులో మనుషులుండరు, జంతువులే. వారానికొక తగువు: ఆడపిల్లను బడికి పంపాలా, భర్త పోయినామె పూలు పెట్టుకోవచ్చా, ఇట్లాంటివి. తీర్పు చెప్పేది ఒక ముసలి తాబేలు. మొదటి వారం అది వీపున బండరాయితో నీళ్లలోంచి పైకి వచ్చింది. మామగారు లేచి చేతులు జోడించారు.

"కూర్మావతారం! గోవిందా అనండప్పా!"

ఆయన మా భజన కూటానికి పెద్ద. టీవీ చూడ్డానికి వచ్చిన కూటమంతా గోవిందా అంది. మరుసటి వారం నుంచి టీవీకి కర్పూరహారతి కూడా మొదలైంది. పెళ్లికి ముందు హిందీ పరీక్షలు రాసినదాన్ని నేనొక్కదాన్నే. అది పురాణం కాదని చెప్పాను.

"నీకు భాష తెలుసు, నాకు సామి తెలుసు. పోమ్మా" అన్నారు.

నాకు ఆ కార్యక్రమమంటే ప్రాణం. హారతి పళ్లెం అడ్డం వచ్చి బొమ్మ కనపడదనేదొక్కటే బాధ.

మా టమాటా తోటలో పనిచేసే ఒకామె కిటికీ బయట నిలబడి చూసేది. ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన కాలనీ మనిషి. ఇంట్లో మాలాగే తెలుగే మాట్లాడేది. ఒక వారం, బావి దగ్గరికి ఎవరూ రానివ్వని గాడిద తెగించి తోడిన నీళ్లను తాబేలు అందరి ఎదుటా తాగింది. ఆ మాటలన్నీ నేను ఆమెకు తెలుగులో చెప్పాను.

ఆ ఏడు ఆమె భర్త కామెర్లతో చావు దాకా పోయి బతికాడు. తమిళ నెల పెరటాసిలో శనివారం పెరుమాళ్లకు, అంటే విష్ణుమూర్తికి, పిండిదీపం పెడతానని ఆమె మొక్కుకుంది. బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసి వెలిగించే దీపమది. కాలనీవాళ్ల దీపాలు భజన గుడి మెట్ల కిందే ఉండాలని మా కూటం ఆచారం. ఎందుకంటే, లోపలి దీపాలు కొండెక్కాక ఆ ముద్దలన్నీ కలిపి అందరం ప్రసాదంగా తినాలి.

ఆ శనివారం ఆమె పళ్లెంతో మెట్లెక్కి గడప దగ్గరికి వచ్చింది.

"సామీ, పెరుమాళ్ల ముందర పెడతానని మొక్కినాను. చెప్పుల కాడ పెడతానని మొక్కలేదు."

మృదంగం వాయించే మా చినమామ, అంటే మామగారి తమ్ముడు, వాయింపు ఆపాడు. "ఏందిమే, టీవీ చూసి పొగరెక్కిందా?"

"చూసినాను సామీ. మీరు హారతిచ్చిన సామే కదా గాడిద చేతి నీళ్లు తాగినాడు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. చినమామ నావైపు తిరిగాడు. "హిందీ చదివినావే, సత్యంగా చెప్పమ్మా. అది సామేనా?"

"కాదు చినమామా. కట్టిన కథ."

"విన్నావా అన్నా? వట్టి బొమ్మ!"

మామగారు చేతిలోని భజన తాళాలు కింద పెట్టారు. "బొమ్మే అనుకో. సామి అనుకొనే కదా నేను మొక్కినది? ఆ మొక్కును ఇప్పుడెట్ల వెనక్కి తీసుకొనేది?" అని లేచారు. "కాళ్లు కడుక్కొని లోపలికి రామ్మా. నీ దీపం నువ్వే వెలిగించు."

దీపాలు కొండెక్కాక ఆమె ముద్దను మిగతావాటితో కలిపి పిసికి, మొదటి ఉండ ఆయనే నోట్లో వేసుకున్నారు. నేనూ తిన్నాను. బెల్లం కాస్త ఎక్కువైంది. చినమామ మృదంగం భుజాన వేసుకొని వెళ్లిపోయాడు, ఆయన వెంట ఇంకొందరు. మిగిలినవాళ్లం తాళాలతోనే భజన ముగించాం.

చినమామ మళ్లీ కూటానికి రాలేదు. మామగారు ప్రతి పెరటాసిలోనూ ఆయన వంతు ప్రసాదం ఇంటికి పంపేవారు. తిన్నాడో లేదో తెలియదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇది చదివే మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకొని నాతోపాటు అడగండి: తండ్రీ, నీ ప్రసాదం ఎవరి చేతిదని చూడని మనసు మాకివ్వు. అలిగి లేచిపోయినవాణ్ని కూడా నీ పంక్తిలో కూర్చోబెట్టుకో.