పులికి ఉప్పు తిప్పిన అవ్వ

ఒకప్పటి మా పక్కింటి అవ్వ తెల్లవారుజామున పోయిందని, మొన్న ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చిన మా మరిది చెప్పాడు. ఏడుపు కన్నా ముందు నా నోట వచ్చిన మాట, "జడుచుకున్నాదా?" అని. అతనికి అర్థం కాలేదు.

ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల వీధిలో ఎవరు దేనికి బెదిరినా అవ్వ దగ్గరికే పోయేవాళ్లం. పిడికెడు ఉప్పు తల చుట్టూ మూడుసార్లు తిప్పి నీళ్లలో వేసేది. అందుకని ఆమె వక్కాకు సంచిలో ఎప్పుడూ ఉప్పు మూట ఉండేది. తమాషా ఏమిటంటే, ఆమెంత పిరికిది మా వీధిలోనే లేదు. ఉరిమితే మా ఇంట్లోకి వచ్చి కూర్చునేది. నేను నవ్వితే, "జడుపైతే అయిందని సెప్పల్ల అమ్మీ, దాంట్లో సిగ్గేముంది" అనేది.

యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. నా కూతురికి ఏడాది. ఊరూరూ తిరిగే జంతుశాల ఒకటి ఆదోనిలో డేరా వేస్తే, రానంటున్న అవ్వను నేనే బలవంతంగా బండెక్కించాను. మేం పులి బోను ముందు నిలబడి ఉండగా, కాపలావాడు సరిగా వేయని గడియ ఊడి తలుపు బార్లా తెరుచుకుంది. జనం తోసుకుంటూ పరుగెత్తారు. చంకలో బిడ్డతో నా కాళ్లు కదల్లేదు. అవ్వ నా కొంగు పట్టుకుని వణుకుతోంది, కానీ నన్ను వదిలి పోలేదు.

పులి తలుపు దాకా వచ్చింది. ఒక్క కాలు బయట నేల మీద ఆనించి, చప్పున వెనక్కి తీసుకుంది. తర్వాత అలాగే వెనక్కి నడిచి, మూలన ముడుచుకుని వణకసాగింది.

"తలుపెయ్యప్పా," అని అవ్వ కాపలావాడిని కేకేసింది. "అది జడుచుకున్నాది."

వాడు వచ్చి గడియ వేశాడు. అవ్వ ఉప్పు తీసి మొదట బిడ్డకు, తర్వాత నాకు తిప్పింది. ఆ పైన బోనుకు ఎదురుగా నిలబడి పులికీ తిప్పింది. కాపలావాడు నవ్వాడు. అవ్వ చెయ్యి వణికి ఉప్పు సగం కిందే రాలింది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో, నీకెవరు తిప్పుతారవ్వా అని అడిగాను.

"నువ్వుండావు కదమ్మీ" అంది.

సరేనన్నాను. రెండేళ్లకే మా కాపురం ఆదోనికి మారింది. ఆ మాట నేను మరిచేపోయాను.

గాలి ఆడుతుందని ఇంట్లోవాళ్లు వీధి తలుపు తీసిపెడితే, చివరి రెండు రోజులూ అవ్వ గోడవైపుకి ముడుచుకుని, తలుపెయ్యండి, తలుపెయ్యండి అని ఒకటే అడిగిందట. జ్వరంలో పలవరిస్తోందనుకున్నారట. మరిది ఆ మాట చెప్పగానే బండిలో నేనిచ్చిన మాట గుర్తొచ్చింది. అదే బస్సులో బయలుదేరాను.

నేను పోయేసరికి తలుపు ఇంకా తీసే ఉంది. ముందు దాన్ని మూశాను. ఎందుకని ఎవరో అడిగారు. నేను అవ్వ తల దగ్గరున్న వక్కాకు సంచి విప్పి, ఉప్పు పిడికిట్లోకి తీసుకున్నాను. మూడుసార్లు తిప్పేలోగా సగం చాప మీదే రాలిపోయింది.