రుద్రప్పగారి తనఖా దొంగది కాదు

ఈ ఉదయం పక్కింటివాళ్లు పట్టు ఉడకబెడుతున్నారు. సబ్బునీళ్లలో మరిగే పచ్చిపట్టు వాసన తగలగానే మగ్గం మీద నా చేయి ఆగిపోయింది. ధర్మవరంలో ఇన్నేళ్లుగా ఉంటున్నా, ఆ వాసన నాకు హిందూపురంలో రుద్రప్పగారి అంగడిదే. పట్టునూలు వ్యాపారి ఆయన. ఇరవై ఏళ్ల వయసులో ఆయన దగ్గర పనికి కుదిరాను. తడి పీల్చిన పట్టు బరువు తూగుతుంది; కొందరు వర్తకులకు అదే లాభం. ఆయన మాత్రం ఆరేయకుండా తూకం వేయనిచ్చేవారు కాదు. ఒకసారి తొందరపడి తడిపట్టు తక్కెడలో వేశాను. "ఏమప్పా, నీళ్లు అమ్మేదానికి కూచున్నామా ఈడ? తీసి ఆరేయి పో," అన్నారు. అంగడంతా నవ్వింది. ఏడేళ్ల తర్వాత ఆయన మాట సాయంతోనే ధర్మవరంలో సొంత మగ్గం పెట్టుకున్నాను.

నయాపైసలు వచ్చిన ఏడు, మా ఊళ్లో ఇరవై మగ్గాలు నడిపే కుళ్లాయప్ప తన ఇల్లు రుద్రప్పగారికి తనఖా పెట్టి అప్పు తీసుకున్నాడు. సాక్షిగా నన్ను పిలిచారు. రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరే ముందు, కుళ్లాయప్ప ఇంటి నడవలోనే నోట్లు చేతులు మారాయి. అదే చాప మీద నేనూ కూర్చుని ఉన్నాను. సొమ్ము ముందే ముట్టిందని దస్తావేజులో రాసుకున్నారు. నాతోపాటు సంతకం పెట్టిన ముసలాయన ఏడాది తిరక్కముందే పోయాడు.

ఏడాదిన్నరకు కుళ్లాయప్ప పెనుకొండ కోర్టులో ఐ.పి. పెట్టాడు. దివాలా తీసినవాడి ఆస్తి కోర్టు నియమించిన రిసీవరు అమ్మితే, వచ్చింది అప్పులవాళ్లందరూ వంతులుగా పంచుకోవాలి. ఇల్లు తనఖా పట్టినవాడు మాత్రం ఆ వరసలో నిలబడనక్కర్లేదు. ఇంటి మీద మొదటి హక్కు అతనిదే. అయితే తనఖా రెండేళ్లలోపుదైతే, నిజంగా డబ్బిచ్చి రాయించుకున్నదని తేలాలి. లేకపోతే కోర్టు కొట్టేస్తుంది. కుళ్లాయప్పకు ఇల్లు తప్ప ఏమీ మిగల్లేదు, అతని మాట నమ్మేవాళ్లూ లేరు. తనఖా నిలిస్తే అతను బాకీపడ్డ నేతగాళ్లకు చిల్లిగవ్వ రాదు. నాకూ మూడు చీరల డబ్బు రావాలి.

పెనుకొండకు పోయే రైల్లో, తోటి నేతగాడు నారాయణ నా భుజం మీద చేయి వేశాడు. "చూడలేదను అబ్బా, అంతే. ఆయప్పకు రెండు అంగళ్లుండాయి. మనకేముండాది?"

డబ్బివ్వడం చూశావా అని కోర్టులో రుద్రప్పగారి వకీలు అడిగాడు.

"ఇచ్చినారని విన్నాను. చూడలేదు," అన్నాను.

బయట వరండాలో రుద్రప్పగారు ఎదురొచ్చారు. "కండ్లు యాడన్నా చూపించుకో అప్పా. ఈ వయసుకే మసకలు వచ్చినట్లుండాయి." తర్వాత గొంతు తగ్గించారు. "'మా దుడ్లు పోతాండాయి' అని నాతో ఒక్క మాట అనింటే, తనఖా వదులుకొని నేనూ మీ వరసలో నిలబడేవాణ్ణి. దానికి చట్టంలోనే దారి ఉండాది. అడక్కపోతివే. దొంగను చేస్తివే."

తనఖా కొట్టేశారు. అప్పే అబద్ధమన్నాక ఆయనకు మామూలు అప్పులవాళ్ల వరసలో కూడా చోటు దక్కలేదు. నా వంతు నాకొచ్చింది. దాంతో రెండో మగ్గం కొన్నాను. హిందూపురం బజారు ఆయనకు 'దొంగ తనఖా రుద్రప్ప' అని పేరు పెట్టింది. ఆయన మాట మీద సరుకు అరువిచ్చినవాళ్లే ముందు డబ్బు పెట్టమన్నారు. నిరుడు ఆ పేరుతోనే పోయారు.

పోయిన నెల, నా వంతుకు వచ్చినంత సొమ్ము కూడబెట్టి తీసుకుని ఆయన భార్య గౌరమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆమె ముట్టుకోలేదు. "దుడ్లు ఎత్తుకోని పో నాయనా. ఆయన్ని దొంగన్న బజారు అదో, ఆడుండాది. ఆడ చెప్పు."

కోర్టులో అబద్ధమాడానని నీ నోటితోనే చెబితే కేసు నీ మీదికే తిరుగుతుందని నేను సలహా అడిగిన వకీలు హెచ్చరించాడు. తిరగనీ. నిన్న హిందూపురంలో అంగడంగడీ ఎక్కి, ఆ డబ్బివ్వడం నా కళ్లారా చూశానని చెప్పాను. ఒకాయన తిట్టాడు. ఒకాయన తూకం ఆపకుండానే తలూపాడు. మరొకాయన, "ఇప్పుడెందుకప్పా, పోయినాయన లేచొస్తాడా?" అన్నాడు. నేను పక్క అంగడి మెట్లెక్కాను. బజారు చివర రెండు అంగళ్లు నిన్న మూసి ఉన్నాయి. వాటికోసం రేపు మొదటి బస్సుకు మళ్లీ పోతాను.