మాచర్లలో చూసిన సినిమా

నరసరావుపేట నుంచి మేం పనిచేసే హైస్కూలుకి కారులో గంటన్నర ప్రయాణం. వినుకొండ దాటి, బొల్లాపల్లి దాటి, ఇంకా లోపలికి వెళ్లాలి. ఆరేళ్లుగా ముగ్గురం ఒకే కారులో వెళ్లి వస్తున్నాం. కారు లెక్కల మాస్టారిది. హిందీ మేడానికి వెనక కూర్చుంటే కళ్లు తిరుగుతాయి గనక ముందు సీటు ఆమెది. వెనక సీట్లో నేనూ, మూడు క్యారేజీలూ. నేను సోషల్ చెబుతాను. బదిలీలు, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, ఇవన్నీ మొదటి రెండేళ్లలోనే మాట్లాడేసుకున్నాం. ఆ తర్వాత మిగిలింది సినిమాలే.

పోయిన ఏడాది స్కూళ్లు తెరిచాక మా హెడ్మాస్టరు ఒక మాట అన్నారు. నెలకో శనివారం మధ్యాహ్నం పదో తరగతి వాళ్లకి ఒక గొప్ప సినిమా చూపించాలని. తరగతి గోడకి పెద్ద తెర బిగించారు, నెట్ ఉంది, దాన్ని పాఠాలకే వాడుతున్నాం. "మీరు ముగ్గురూ కారులో మాట్లాడుకునేది అదేగా. మీరే ఏదో ఒకటి తేల్చండి" అన్నారు.

తేల్చడానికి కూర్చున్నాకే తెలిసింది, ఆరేళ్లుగా మేం గొప్ప సినిమా అని ఒకే మాట వాడుతూ మూడు వేరువేరు సంగతులు మాట్లాడుకుంటున్నామని.

"ఎన్నిసార్లు చూసినా నిలబడాలి. అదే నా లెక్క. మొదటిసారి ఎవడైనా ఏడిపిస్తాడు. పదోసారి కూడా కూర్చోబెట్టాలి" అన్నారు లెక్కల మాస్టారు.

హిందీ మేడం వాళ్ల నాన్న చర్చిలో పెద్ద. ఇంట్లో సినిమా మాటే ఉండేది కాదు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు అమ్మాయిలతో కలిసి మొదటిసారి హాల్లో అడుగుపెట్టిందట. "నాకు అన్ని లెక్కలు తెలవవు. బయటికొచ్చాక కాసేపు మాట రాకూడదు. అంతే" అంది.

"తలనొప్పొచ్చినా మాట రాదు మేడం" అన్నారు మాస్టారు.

"ఆ తేడా నాకు తెలుసులెండి."

నా వంతు వచ్చింది. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. గొప్ప సినిమా అన్నీ చెప్పెయ్యదు. చెప్పాల్సిన చోట ఆగిపోతుంది. దానికి నా దగ్గర ఒకే ఒక సాక్ష్యం ఉంది, పదమూడేళ్ల వయసులో మాచర్లలో చూసిన సినిమా.

అది ఇద్దరు అన్నదమ్ముల కథ. పొలం గట్టు దగ్గర మొదలైన తగువు కోర్టుదాకా వెళుతుంది. వాయిదాల మీద వాయిదాలు. ఇద్దరూ ఒకే బస్సులో కోర్టుకి వెళుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చివరికి అన్న ఒక సాయంత్రం తమ్ముడి ఇంటికి నడుచుకుంటూ వస్తాడు. తమ్ముడు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంటాడు. లేవడు, రమ్మనడు. అన్న వచ్చి మంచానికి రెండో చివర కూర్చుంటాడు. ఇద్దరూ చెరోవైపు చూస్తుంటారు. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. అక్కడితో సినిమా అయిపోతుంది. హాల్లో లైట్లు వెలిగాయి. ఎవరూ లేవలేదు. బెంచీల వాళ్లు కూడా ఈల వెయ్యలేదు. నాకు ఆ నిశ్శబ్దం నిన్నటిలా గుర్తు.

అప్పుడు మా ఇంట్లోనూ అదే కథ. గురజాల దగ్గర మా ఊళ్లో పంచాయతీ ఎన్నికలప్పుడు నాన్న ఒక వైపు, బాబాయి ఒక వైపు నిలబడ్డారు. మధ్యలో మాటలు పడ్డాయి. పక్కపక్క ఇళ్లే అయినా రెండేళ్లుగా మాటల్లేవు. ఆ సినిమాకి అక్కనీ నన్నూ తీసుకెళ్లింది నాన్నే. ఆయన పక్కన కూర్చుని ఆ మంచం చూశాను. తర్వాత ఆ సినిమా టీవీలో వస్తోందని తెలిసినా కావాలనే చూడలేదు. మొదటిసారి చూసినట్టే ఉండిపోవాలని. కానీ ఇరవై ఏళ్లుగా ప్రతి తరగతికీ ఏదో ఒక పాఠం మధ్యలో ఆ కథ చెబుతూనే ఉన్నాను.

"అంత గొప్పదైతే ఎవరూ దాని పేరే ఎత్తరేంది?" అన్నారు మాస్టారు.

"ఎత్తకపోతే గొప్పది కాకుండా పోద్దా?" అంది హిందీ మేడం నా తరఫున.

చివరికి నా సినిమానే వెయ్యాలని తేలింది. మాస్టారు ఫోనులో వెతికితే ఐదు నిమిషాల్లో దొరికింది. నన్ను ముందుగా ఒకసారి చూసుకోమన్నారు. అక్కర్లేదన్నాను.

శనివారం ముందుగా ‘ఎ’ సెక్షన్ పిల్లల్ని కూర్చోబెట్టి కిటికీలు మూశాం. సినిమా నాకు గుర్తున్నట్టే నడిచింది. పాటలు కొన్ని మర్చిపోయాను, అంతే. అన్న తమ్ముడి ఇంటికి నడిచి వస్తుంటే నేను వెళ్లి లైట్ల స్విచ్ దగ్గర నిలబడ్డాను. వచ్చాడు. మంచం చివర కూర్చున్నాడు. గిన్నెల చప్పుడు. నేను పిల్లల మొహాలవైపు తిరిగాను.

వెనక నుంచి "తమ్ముడూ" అని పెద్ద కేక వినిపించింది.

తిరిగి చూస్తే అన్న ఏడుస్తున్నాడు. తమ్ముడు ఆయన కాళ్ల మీద పడ్డాడు. ఇద్దరూ కావిలించుకుని, తగువు పెట్టిన బావమరిది దుర్మార్గమంతా ఒకరికొకరు మాటల్లో చెప్పుకున్నారు. తర్వాత గడ్డివాము తగలబడింది. పత్తి గోడౌనులో ఫైటు. అది అయ్యాక రెండు కుటుంబాలూ కలిసి ట్రాక్టర్ మీద పాట. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. పిల్లలు ఫైటుకి చప్పట్లు కొట్టారు. బావమరిది బురదలో పడితే పడీపడీ నవ్వారు. బాగుంది మేడం అన్నారు. నేను స్విచ్ దగ్గరే నిలబడి ఉన్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు వినుకొండ కొండ కనిపించాక మాస్టారు అద్దంలోంచి నావైపు చూశారు.

"మీరు చూసింది వేరే సినిమా ఏమో మేడం" అన్నారు మెల్లగా.

"అదే. మంచం అదే, మనుషులు వాళ్లే. గిన్నెల చప్పుడు కూడా ఉంది."

"మరి ఇరవై నిమిషాలు ఎక్కడికి పోయినయ్?"

నాకు తెలియలేదు. అప్పటిదాకా నేను గొప్ప అన్నది ఏమిటో కూడా తెలియలేదు. తీసినవాళ్లు ఆ మంచం దగ్గర ఆగలేదు. ఆగింది ఎవరు?

మా అక్క మాచర్లలోనే ఉంటుంది. ఆదివారం బస్సెక్కి వెళ్లాను. విషయం చెబితే చిక్కుళ్లకి ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అంది.

"మనం ఆ సినిమా పూర్తిగా యాడ చూశామే? నాన్న మధ్యలోనే లేచాడుగా."

"నాన్నా?"

"వాళ్లిద్దరూ మంచం మీద కూర్చోగాన్నే లేచాడు. పదండి, బస్సెళ్లిపోద్ది అన్నాడు. నువ్వు రానని ఏడిస్తే రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. నిజానికి బస్సుకి ఇంకా చానా టైముంది. స్టాండులో గంటసేపు కూర్చున్నాం."

"హాల్లో లైట్లు వేశారు కదక్కా. అందరూ కదలకుండా కూర్చున్నారు."

"సినిమా నడుస్తుంటే కూర్చోక ఏంజేస్తారు? తలుపు దగ్గర పరదా ఎత్తితే ఎలుతురొచ్చుద్ది. అది చూసుంటావు."

అక్క అబద్ధం చెప్పదు. కానీ నాకు ఆ లైట్లు గుర్తున్నాయి. పైన గుండ్రటి లైటు డూమ్ ఒకటి పగిలి ఉంది. చీకట్లో అది నాకెలా కనిపించింది? నాన్ననే అడగాలంటే ఆయన పోయి పదకొండేళ్లయింది. బాబాయితో ఆయన ఆ తర్వాత ఎప్పుడు మాట్లాడాడని అక్కని అడిగాను. నానమ్మ పోయినప్పుడు, అదీ కావాల్సిన నాలుగు ముక్కలే అంది.

మా బావకి ఆ హాల్లో పనిచేసిన ఆపరేటరు తెలుసు. హాలు ఇప్పుడు ఎరువుల గోడౌను. ఆపరేటరు డెబ్బై దాటిన మనిషి, కొడుకు పెట్టిన సెల్లు షాపులో కౌంటరు వెనక కూర్చుంటాడు. బావ నన్ను అక్కడ దింపి ఏదో పని మీద వెళ్లాడు. నేను సినిమా పేరు చెప్పి, చివరి రీలు ఎప్పుడైనా వెయ్యకుండా ఆపేశారా పెద్దాయనా అని అడిగాను. ఆయనకేం కోపం రాలేదు.

"మా దగ్గరికొచ్చేసరికి ప్రింటు నాలుగూళ్లు తిరిగొచ్చేది. తెగినకాడల్లా అతికించేవాణ్ణి. చివరి రీలు మరీ పాడైతే తీసేసి ‘శుభం’ ముక్క ఒకటి అతికించేవాణ్ణి. అది నా దగ్గర విడిగా ఉండేది."

నా ప్రాణం లేచి వచ్చింది. "అయితే ఈ సినిమాకి కూడా అట్లా చేశారా?"

"ఆఖర్లో ఏవుందమ్మా అందులో?"

"ఫైటు. ఒక పాట."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఫైటున్న రీలు తీస్తే కుర్చీలు మిగలనిస్తారా? తియ్యను." కాసేపు ఆలోచించి, "పాడైపోతే తీసుంటా. చెప్పలేను. ఎన్నని గుర్తుంటయ్" అన్నాడు.

లేవబోతూ, ఎందుకో ఆయన్నీ అడిగాను, ఇన్నేళ్లు వేశారు గదా, మీ లెక్కలో గొప్ప సినిమా ఏదని.

"లోపల మిషను మోతకి మాటలు సరిగా వినపడవు. కన్నంలోంచి బొమ్మ చూట్టమే. రీలు అయిపోతుందంటే రెండో మిషను సిద్ధం చేసుకోవాలి. అది మర్చిపోయి చూస్తా ఉండిపోయానంటే అది గొప్ప సినిమా. నా సర్వీసులో రెండుసార్లు మర్చిపోయా."

ఆ రెండు సినిమాల పేర్లూ చెప్పాడు. ఒకటి దయ్యాల సినిమా. రెండోది మేం కారులో ఎప్పుడూ వెక్కిరించే సినిమా. దండం పెట్టి వచ్చేశాను.

సోమవారం ఇదంతా కారులో చెప్పాను. మాస్టారు ఒక పద్ధతి ప్రకారం ఆలోచిస్తారు. "రెండే దారులు. ఆపరేటరు ఆపాడా, మీ నాన్నగారు ఆపారా. ఎవరు ఆపినా తీసినవాడు మాత్రం ఆపలేదు. కాబట్టి ఆ సినిమా గొప్పది కాదు" అన్నారు.

"కాకపోతే ముప్పయ్యేళ్లు ఈమె మనసులో ఎట్లా ఉందండీ? ఏముందని నిలిచిందంటారు?" అంది హిందీ మేడం.

"మనసులో ఉన్నదల్లా గొప్పదా? నా మనసులో మూడో తరగతిలో తిన్న దెబ్బలున్నాయి."

"బాగా కొట్టారన్నమాట" అందామె. ముగ్గురం నవ్వాం గానీ నాకు ఏమీ తేలలేదు.

బి సెక్షన్ పిల్లలు మిగిలారు. వాళ్లకి నేను చూసినట్టే చూపిద్దామని హిందీ మేడం అంది. మాస్టారు కూడా సరే, పరీక్షించి చూద్దాం అన్నారు. తర్వాతి శనివారం అన్న వచ్చి మంచం చివర కూర్చోగానే, గిన్నెల చప్పుడు నాలుగు క్షణాలు విననిచ్చి, తెర ఆపేశాను. గదిలో ఎవరూ కదల్లేదు.

ముందు బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది. "నెట్ పోయిందా మేడం?"

"లేదమ్మా. అయిపోయింది."

"అయిపోవడమేంది? వాళ్లు మాట్లాడుకోలేదుగా. మిగతాది ఎప్పుడేస్తారు?"

వెనక నుంచి ఇంకో నలుగురు అదే అడిగారు. ‘ఎ’ సెక్షన్ వాళ్లు అప్పటికే వీళ్లకి గోడౌను ఫైటు గురించి చెప్పేశారట. గదిలో గోల మొదలైంది. నేను మాస్టారివైపు చూశాను. ఆయన చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నారు, ఫలితం వచ్చేసినట్టు. హిందీ మేడం మాత్రం కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది. దగ్గరికి వెళితే కళ్లు తుడుచుకుంటోంది. ఆమె పోయిన వారమే మొత్తం చూసింది, వాళ్లు కావిలించుకున్నప్పుడు ఆమెకి ఏమీ కాలేదు. ఏమైందని అడిగాను. చెయ్యి ఊపింది. మాట రాలేదు.

పిల్లలు ఊరుకోకపోతే మిగతాది కూడా వేశాను. చప్పట్లు కొట్టి, నవ్వి, బ్యాగులు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మాస్టారు మళ్లీ లెక్క వేశారు. ముప్పై నలుగురికి నచ్చలేదు, ఒకరికి నచ్చింది. హిందీ మేడం, పిల్లలకి ఇంకా అన్నదమ్ముల తగాదాలు తెలియవుగా అంది. పదమూడేళ్లకే ఈమెకి తెలుసు గదా అన్నారాయన నన్ను చూపిస్తూ. తెలుసు కాబట్టే నాకు ఆ మంచం అంత పెద్దదయిందేమో. అలాగైతే అది సినిమా గొప్పతనం కాదు, మా ఇంటి సంగతి. కానీ హిందీ మేడం ఇంట్లో అన్నదమ్ములే లేరు, ఆమె ఒక్కతే కూతురు. అక్కడికి వచ్చాక నా ఆలోచన ముందుకు కదల్లేదు. నాన్న నిజంగా లేచి ఉంటే, ఆ సినిమా బాగాలేక లేచాడా, భరించలేక లేచాడా అన్నది ఇంకో ముడి.

మొన్న అక్క ఫోను చేసింది. పిల్లల సంగతులన్నీ అయ్యాక, పెట్టేయబోతూ అంది.

"ఆ సినిమా సంగతి. నాన్న లేచిన మాట నిజమేనే. కానీ బయటికెళ్లి, చుట్ట కాల్చుకుని మళ్లీ లోపలికొచ్చాడేమో అనిపిస్తోంది. ట్రాక్టర్ మీద పాట నాకు గుర్తున్నట్టే ఉంది. నిన్ను రెక్క పట్టుకుని లాగింది ఇంకో సినిమాకేమో."

"ఏదో ఒకటి సరిగ్గా చెప్పక్కా."

"సరిగ్గా గుర్తుంటే చెప్పనా" అంది.

మర్నాడు కారులో ఈ మాట చెప్పాను. హిందీ మేడం వెనక్కి తిరిగి, "అయితే ఇంతకీ మీరు ఆ పాట చూశారా, చూళ్లేదా?" అని అడిగింది.

తెలియదన్నాను.