పడవవాడి పేరున్న నాలుగో అధ్యాయం

ఆదివారం ఆరాధన నుంచి ఇంటికొచ్చి తాళం తీస్తుండగానే ఫోన్ మోగింది. అవతల మాస్టారి భార్య, మాస్టారు పోయారని చెప్పడానికి. ఎన్ని గంటలకు నొప్పి మొదలైందో, ఆంబులెన్స్ ఎప్పుడొచ్చిందో, హాస్పిటల్లో ఏమేం చేశారో వరుసగా చెప్పింది. ఆమె నర్సు, డ్యూటీ మారేటప్పుడు చెప్పినట్టే చెప్పింది. చివర్లో మాత్రం, "పొద్దున టీ కూడా తాగలేదు, బహినీ," అని ఆగిపోయింది. బహినీ అంటే వాళ్ల నేపాలీలో చెల్లెలు.

అమెరికాలో ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఆయన తెలియదు. ఆయన తెలుగువారు కారు. పిస్కాటవేలో మేమున్న అపార్ట్‌మెంట్లలో మా పై అంతస్తులో ఉండేవారు. నేపాల్‌లో బడిపంతులుగా పనిచేసి, నలభై దాటాక ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరారు. నేను మాస్టారూ అని పిలిస్తే ఆ మాటకు అర్థం అడిగారు. చెప్పాక, "ఈ దేశంలో నన్ను ఎవరూ అలా పిలవలేదు," అన్నారు.

గుంటూరులో టైపు హయ్యర్ పాసైన నేను, ఇక్కడ ఉద్యోగం చేసే వీసా లేక, ఇంట్లో ఊరికే కూర్చుని ఉన్న రోజులవి. 1979లో ఆయన థీసిస్ టైప్ చేయడానికి ఒప్పుకున్నాను. తూర్పు తరాయిలో, అంటే నేపాల్ దక్షిణపు మైదానంలో, నది ఒడ్డున ఉన్న తమ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర ఆయన విషయం. దేశమంతా కాదు, ఆ ఒక్క నియోజకవర్గం. ఒక్కదానికి అంత పుస్తకమా అని మావారు నవ్వేవారు.

రాసిన కాగితాలను బ్రెడ్ ప్యాకెట్ కవర్లో పెట్టి తెచ్చేవారు. మిరియాలు వేసిన టీ అడిగి తాగుతూ, ప్రతి పేరా పైకి చదివి మరీ ఇచ్చేవారు. "అని ప్రజలు అనుకున్నారు" అని ఎక్కడైనా కనిపిస్తే ఆయనే కొట్టేసేవారు. "ఎవరన్నారో రాయకపోతే అది చరిత్ర కాదు బహినీ, వదంతి," అనేవారు.

అలా టైప్ చేస్తూనే ఆ కథంతా నాకు తెలిసింది. 1959లో ఆ దేశంలో మొదటిసారి పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. మాస్టారు అప్పుడు కుర్రపంతులు, ఓటర్ల జాబితా పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. ఓట్లపెట్టె నది దాటింది ఒక పడవవాడి పడవలో. మరుసటి ఏడాదే రాజు పార్లమెంటును రద్దు చేసి పార్టీలను నిషేధించాడు. అక్కడ గెలిచిన మనిషిని పట్టుకోవడానికి పోలీసులు వస్తే, ఆ పడవవాడే ఆయన్ని ఆరు రోజులు తన పాకలో దాచాడు. ఇరవై ఏళ్లు ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

1979లో, ఆ రాజు తర్వాత గద్దెనెక్కిన కొడుకు, పార్టీలు కావాలో వద్దో జనమే ఓటేసి చెప్పమన్నాడు. మాట్లాడుకోవచ్చన్నారు. ఊరివాళ్లు ధైర్యం తెచ్చుకుని మాస్టారికి ఉత్తరాలు రాశారు. పడవవాడు తన మాటలు ఎవరిచేతో రాయించి, కింద వేలిముద్ర వేసి పంపాడు. అవన్నీ నాలుగో అధ్యాయంలో పేర్లతో సహా ఎక్కాయి. ఆ నెలల్లో మాస్టారు మెట్లు ఎక్కుతూ కూడా పాడుకునేవారు.

1980 మే నెలలో ఓటింగ్ జరిగింది. పార్టీలు వద్దన్నవాళ్లదే కొద్ది తేడాతో పైచేయి అయింది. ఆ వారం ఆయన కిందికి రాలేదు.

ఇక నేను చెప్పాల్సిన మాట చెబుతాను. ఓటింగ్‌కి ముందు ఒక మధ్యాహ్నం, మాస్టారు లైబ్రరీలో ఉండగా, ఒక పెద్దమనిషి మా తలుపు తట్టాడు. మాస్టారికి పాత స్నేహితుణ్నని, వేరే ఊరి నుంచి వచ్చానని చెప్పాడు. టేబుల్ మీదున్న కాగితాలు చూసి, "మీరేనా టైప్ చేసేది? అచ్చు వేసినట్టుందే," అన్నాడు. ఈ దేశం వచ్చి మూడేళ్లయినా నా పని చూసి ఒక్కరూ ఒక మాట అనలేదు. రెండు రోజుల్లో చదివి ఇస్తానంటే నాలుగో అధ్యాయం కార్బన్ కాపీ ఇచ్చాను. చెప్పినట్టే తెచ్చిచ్చాడు, స్వీట్ల డబ్బాతో సహా. ఆ సాయంత్రం మాస్టారికి ఉత్సాహంగా చెప్పాను.

ఆయన కప్పు కింద పెట్టి, "ఏ అధ్యాయం?" అని అడిగారు. ఆ మనిషి పోలికలు అడిగారు. అలాంటి స్నేహితుడు తనకు లేడన్నారు. టీ పూర్తి చేయకుండానే పైకి వెళ్లిపోయారు.

చలికాలంలో ఉత్తరం వచ్చింది. పడవవాడు వేలంలో పాడుకున్న రేవు హక్కు రద్దు చేశారని, అతన్ని జైల్లో పెట్టారని. కారణం ఎవరూ చెప్పలేదు. మాస్టారు ఉత్తరం చేతిలో పట్టుకుని వచ్చి మా వంటింట్లో నిలబడ్డారు.

"నా వల్లేనా మాస్టారూ?" అన్నాను.

"తెలియదు. నేను రాశాను, నువ్వు టైప్ చేశావు. మొన్న ఓటింగప్పుడు పార్టీలు కావాలంటూ అతను ఊరంతా తిరిగాడు కూడా. దేనివల్లో తెలియదు."

"తెలుసుకునే దారి లేదా?"

"లేదు. దాన్ని నెత్తిన పెట్టుకోకు."

థీసిస్ అప్పటికి పూర్తయింది. యూనివర్సిటీకి ఇస్తే లైబ్రరీలో పెడతారు, ఎవరైనా తీసి చదవొచ్చు. పేర్లు మార్చేయమని ఆయన ప్రొఫెసర్ మంచి మనసుతోనే సలహా ఇచ్చారట.

"ఏమన్నారు మీరు?" అని అడిగాను.

"మా రేవులో పడవ ఒక్కటే ఉందని చెప్పాను. పడవవాడు అని రాస్తే చాలు, ఎవరో తెలిసిపోతుంది. ఇక పేరు మార్చి ఏం లాభం?"

ఆ అధ్యాయం తీసేస్తే థీసిస్ నిలబడదని ప్రొఫెసర్ అన్నారట. మాస్టారు మొత్తం వెనక్కి తీసుకున్నారు. మావారు పైకి వెళ్లి నచ్చజెప్పి చూశారు. "సెవెన్ ఇయర్స్ వర్క్ మాస్టారూ. డిగ్రీ లేకపోతే జాబ్ ఎలా? ఒక్కసారి సబ్మిట్ చేసేయండి, తర్వాత చూసుకుందాం."

"ఇంకా పదకొండు మంది పేర్లున్నాయి బాబూ, వాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు," అన్నారాయన.

మర్నాడు వచ్చి కాపీలన్నీ అడిగారు. కార్బన్ కాగితాలు కూడా. వాటిని వెలుతురుకు ఎత్తి చూస్తే అక్షరాలు కనిపిస్తాయి. చివరికి మెషీన్‌లోని రిబ్బన్ కూడా విప్పి ఇచ్చాను. అన్నీ కవర్లో వేసుకుని, "నీ పని చాలా బాగుంది, బహినీ," అన్నారు. అంతకుముందు ఎప్పుడూ అనని మనిషి. అప్పుడే అనాలా అనిపించింది.

తర్వాత ఆయన ఒక మందుల కంపెనీ గోడౌన్‌లో పనికి చేరారు. 1981లో, మళ్లీ 1986లో ఊళ్లో పార్టీలు లేని ఎన్నికలు జరిగితే ఒక కాగితం మీద తారీఖు, గెలిచినవాడి పేరు మాత్రం రాసుకున్నారు. ఎలా గెలిచాడని అడిగితే, "అది రాసే రోజు కాదు," అన్నారు. పడవవాడికి ప్రతి దసరాకీ ఉత్తరం రాసేవారు. విడుదలయ్యాడని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అతని నుంచి మాత్రం జవాబు రాలేదు. చదివించుకోవడానికి భయపడ్డాడో, కోపమో.

ఆ రెండు రోజులకు కాపీ ఎందుకిచ్చానో మాస్టారికి పూర్తిగా చెప్పలేదు. స్నేహితుడన్నాడు గనుక ఇచ్చానన్నాను. పొగిడాడు గనుక ఇచ్చానని ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆయనకి చెప్పి ఉంటే కోప్పడేవారు కాదు. అందుకే చెప్పలేకపోయాను.

ఆయనకీ మాకూ సిటిజన్‌షిప్ వచ్చాక, మొన్న నవంబర్లో కలిసే ఓటేయడానికి వెళ్లాం. స్కూల్ జిమ్‌లో మెషీన్లు పెట్టారు. లీవర్ లాగితే వెనక తెర మూసుకుంటుంది. ఆయనకు యాభై ఏళ్లు దాటాయి, వేరేవాళ్ల ఓట్లు రాసుకోవడమే గాని తన దేశంలో పార్టీల పేర్లు చూసి తాను ఓటేసింది ఒక్కసారే. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని లోపలికి వెళ్లారు. తెర మూసుకుంది.

నేను ఓటేసి వచ్చాను. మావారు కూడా వేసి వచ్చారు. లైన్లో వెనకున్నవాళ్లు వాచీలు చూసుకోవడం మొదలుపెట్టారు. బల్ల దగ్గరున్న ముసలావిడ లేచి వెళ్లి, "సర్, హెల్ప్ కావాలా?" అని మెల్లగా అడిగింది.

"వన్ మినిట్, మేడమ్," అన్నారు లోపల్నుంచి.

ఆవిడ నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. తెర కింద ఆయన నల్ల బూట్లు కనబడుతున్నాయి, పక్కపక్కనే, కదలకుండా.