కోటయ్యగారి పాటలో నాన్న పేరు

ఉదయం ఆరున్నరకి గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్ ఇస్తున్నారు కాబట్టి చార్జీ బాధ లేదు. నా బాధ వేరు. నేను చేయని తప్పుకి క్షమాపణ అడగడానికి చీమకుర్తి వెళ్తున్నాను. చేసిన మనిషి, మా నాన్న సాంబయ్య, పోయిన నెలలో చనిపోయాడు.

నాన్న నాటకాల్లో హాస్యగాడు. రాజులు లోపల వేషాలు మార్చుకునేంతసేపూ తెర ముందుకొచ్చి జనాన్ని నవ్వించడం ఆయన పని. ఆ నవ్వుల పాటలు రాసిచ్చేది చీమకుర్తి కోటయ్యగారు. పగలు గ్రానైట్ క్వారీలో పని, తీరిక దొరికితే పాట. ప్రతి పాట చివరా ఆయన పేరు ఉండేది. ముప్పై ఏళ్ల కిందట ఒకసారి పొన్నూరు నాటకంలో జనం ‘సాంబయ్యా, మళ్లీ పాడు’ అని కేకలేస్తే, ఆ ఊపులో నాన్న ‘కోటయ్య మాట’ అనాల్సిన చోట ‘సాంబయ్య మాట’ అనేశాడు. ముందు వరసలో ఉన్న కోటయ్యగారు చప్పట్లు ఆగకముందే లేచి బయటికి వెళ్లిపోయారు. అంతే, నాన్న మళ్లీ ముఖానికి రంగు పూసుకోలేదు. పత్తి మిల్లులో పనికి కుదిరి అక్కడే ముసలివాడయ్యాడు. ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, ‘ఒకరి పేరు కొట్టేశానమ్మా, నువ్వెళ్లి క్షమించమని అడుగు’ అని ఏడ్చాడు.

చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండువైపులా మిరప కల్లాలు. ఘాటుకి బస్సంతా ఒకటే తుమ్ములు. పక్క సీటులో, గుంటూరు యార్డులో కాయ దించి ఊరికి పోతున్న రైతు ఒకాయన తుమ్మి, ముక్కు తుడుచుకుని, తనలో తను పాడుకోవడం మొదలుపెట్టాడు.

‘కల్లంలో కాయెండె, కళ్లెండలేదు,
అల్లుడొచ్చి నెలాయె, వెళ్తాననలేదు!’

నాన్న పాడే పాట అది! “ఆ పాట ఎవరిదండీ?” అని అడిగాను.

“ఇంకెవరిదండీ, సాంబయ్య పాట!”

“కాదు, చీమకుర్తి కోటయ్యగారిది!” అని అరిచాను. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

“ఎవరిదైతే ఏముంది లెండి, నవ్వొచ్చిందా లేదా?” అంటూ ఆయన మార్టూరులో దిగిపోయాడు. నాకు ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది. నాన్న భయపడిందంతా నిజమే.

తొమ్మిదింబావుకి ఒంగోలు. బస్టాండులో ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీ వట్టి నీళ్లు. తొమ్మిది ముప్పావుకి చీమకుర్తి పల్లెవెలుగు దొరికింది. రాళ్ల లారీల వెనక నత్తనడక నడిచి పదీ ముప్పావుకి దించింది. టీకొట్టులో అడిగితే ఇల్లు చూపించారు.

కోటయ్యగారికి ఎనభై ఉంటాయి. అరుగు మీద కూర్చుని ఉన్నారు. ‘సాంబయ్య కూతురినండీ’ అనగానే మొహం వెలిగిపోయింది. నన్ను దాటి వీధిలోకి చూశారు.

“ఏడమ్మా వాడు? టీకి ఆగాడా?”

ఎలా చెప్పానో చెప్పాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. తర్వాత నాన్న మాట చెప్పి కాళ్లకి దణ్ణం పెట్టాను.

“నాకు కోపమా? ఎందుకమ్మా?”

“మీ పేరు తీసేశాడని లేచి వెళ్లిపోయారు కదండీ?”

“ఓరి సాంబయ్యా! ఆ వేళకి ఒంగోలుకి ఆఖరి బస్సు తల్లీ! తెల్లారితే నాకు క్వారీలో పని. జనం అంత నవ్వుతుంటే పేరు ఎవడు విన్నాడు? నా పాటకేగా ఆ నవ్వులని మురుసుకుంటా వెళ్లా.”

నేను వెళ్లి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను.

“కొత్త పాట రాసిపెట్టుకుని ఎదురుచూశా. వాడు రాలా. వాడికి పేరొచ్చింది, ఇక రాళ్లు కొట్టేవాడితో ఏం పనిలే అనుకున్నా. నేనన్నా వెళ్లానా? నాకూ రోషమే. ఆ తర్వాత ఒక్క పాట రాయలేదమ్మా. వాడి నోట పడకపోతే అది పాటెట్టా అవుద్ది?”

ఏమన్నా పాడమన్నారు. అల్లుడి పాటే పాడాను, చివర కోటయ్య పేరుతోనే. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“సాంబయ్య ఎప్పుడన్నా అన్నాడా అమ్మా, నేను బాగా రాస్తానని?”

“మీరు తప్ప ఎవరూ రాయలేరనేవాడండీ,” అన్నాను. అబద్ధం కాదు.

అన్నం తినకుండా కదలనివ్వలేదు. రెండింటి బస్సెక్కాను. రాత్రికి లాడ్జీలో ఉండాల్సొస్తుందేమో అనుకున్నాను, అవసరం పడలేదు. దారి పొడవునా ఇద్దరి మీదా కోపమే, ఇద్దరి కోసమూ ఏడుపే. ఎవరైనా వెళ్దామనుకుంటే దూరమేం కాదు. గుంటూరు నుంచి చీమకుర్తికి, ఒంగోలులో బస్సు మారడంతో కలిపి, నాకు నాలుగుంబావు గంటలు పట్టింది. నాన్నకి ముప్పై ఏళ్లు చాలలేదు.